బండి నోటికి బొట్టు

పొగ రావలసిన చోట రాకుండా, రాకూడని చోట వచ్చి, చివరికి నా వీపు మీద ఒక బక్కెట్టు సబ్బునీళ్ళు పడి, పులివెందులలో పట్టపగలు నేను తడిసిన కోడిలా నిలబడిన కథ ఇది. భయపడకండి, ఇందులో ఎవరికీ ప్రాణాపాయం లేదు. పోయిందల్లా నా పరువు. అది అంతకుముందు కూడా పెద్దగా ఉన్నదేమీ కాదు కాబట్టి మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు.

ముందు నేనెవరో చెప్పాలి. నా పేరు సుబ్బు. మా నాన్న జమ్మలమడుగులో అర్చకుడు. మా తాత కూడా అర్చకుడే. ఆ లెక్కన నేనూ హారతి పళ్ళెం పట్టుకోవలసినవాణ్ణి. కానీ నాకు చిన్నప్పటి నుంచి గుడిగంట కంటే బస్సు హారను ముద్దు. గర్భగుడిలో నాన్న మంత్రం చదువుతుంటే, బయట ఆగిన జీపు కిందకు దూరి ఏ నట్టు వదులుగా ఉందో చూసేవాణ్ణి. చివరికి ప్రొద్దుటూరులో మెకానిక్ షెడ్డు పెడుతున్నానని చెప్పిన రోజు నాన్న కొంతసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక ఒకటే మాట అన్నాడు. "సరేరా. గ్రీజు చేతులతో మాత్రం సంధ్య వార్చొద్దు."

షెడ్డు నా ఒక్కడిదే కాదు. సగం మస్తాన్‌ది. మస్తాన్‌దీ జమ్మలమడుగే, మా పక్క వీధే. ఒకే బళ్ళో ఒకే బెంచీ మీద ఒకే రకం దెబ్బలు తిన్నవాళ్ళం. కొన్నేళ్ళు కువైట్‌లో గ్యారేజీలో పనిచేసి, ఇక చాలని తిరిగి వచ్చాడు. నిజం చెప్పాలంటే ఇంజిను తెలిసినవాడు వాడు. నాకు తెలిసింది మనుషులతో మాట్లాడడం. దానితో పాటు ఒక ప్రత్యేక విద్య ఉంది: కొత్త బండికి శాస్త్రోక్తంగా పూజ చేయగల మెకానిక్‌ని ప్రొద్దుటూరు మొత్తం మీద నేనొక్కణ్ణే.

దాంతో మా షెడ్డుకు పేరొచ్చింది. పూజా, సర్వీసూ ఒకే చోట. అందరూ నన్ను సామీ అని పిలిచేవాళ్ళు. "సామీ, క్లచ్చి పట్టుకుంటాంది" అని రెండు చేతులూ జోడించి చెప్పేవాళ్ళు. అప్పటికి నాకు పెళ్ళీ కాలేదు, బుద్ధీ రాలేదు. పొగిడితే చాలు, గాలి ఎక్కువ పట్టిన ట్యూబులా ఉబ్బేవాణ్ణి.

అట్లా ఉబ్బి ఉన్న రోజుల్లో దసరా వచ్చింది. దసరాతో పాటు ఓబులేసు మామ వచ్చాడు.

ఊరందరికీ మామ అయిన ఓబులేసుకు పులివెందులలో ట్రావెల్స్ ఉంది. చీనీకాయలు, అంటే బత్తాయిలు, అమ్మే వ్యాపారుల దగ్గర నుంచి పెళ్ళికొడుకుల దాకా అందరినీ మోసే కార్లు ఆయన యార్డులో వరుసగా నిలబడి ఉంటాయి. మనిషి భారీ, మీసం ఇంకా భారీ. ఎవరితోనో నా సంగతి విని స్వయంగా మా షెడ్డుకు వచ్చాడు.

"సామీ, ఆయుధపూజకు మా యార్డుకు రాప్పా. బండ్లన్నిటికీ నువ్వే పూజ చేయల్ల. మీ పనితనం చూసి, తర్వాత రిపేరీలు గూడా మీకే ఇచ్చే సంగతి ఆలోచన చేస్తా."

ఇంక చూస్కోండి. పూజ రోజు పట్టుపంచె కట్టి, పళ్ళెం నిండా పసుపు, కుంకుమ, గంధం పెట్టుకొని పులివెందులలో దిగాను. మామూలు అయ్యవార్లు ఏం చేస్తారు? స్టీరింగుకు ఒక బొట్టు, బానెట్టు మీద స్వస్తిక్కు, టైర్ల కింద నిమ్మకాయలు, ముందర ఒక టెంకాయ, అయిపాయె. నేను అంతటితో ఆగితే ఈ కథే ఉండేది కాదు. నేను అంగపూజ మొదలుపెట్టాను. టైర్లు పాదాలన్నాను. లైట్లు కళ్ళన్నాను. హారను కంఠమన్నాను. డ్రైవర్లంతా నోళ్ళు తెరుచుకొని వింటున్నారు. ఆ నోళ్ళు చూడగానే నాకు ఇంకో ఆలోచన తట్టింది.

"మామా, బండి తిండి తినేది యాడ నుంచి?"

"పెట్రోలు పోసే కాడ నుంచి సామీ."

"అదే బండి నోరు. నోటికి బొట్టు పెట్టకుంటే పూజ ఎట్లా పూర్తవుతుంది?"

ఓబులేసు మామ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇంతమంది అయ్యవార్లను చూసినా. ఎవరూ ఇంత లోతుకు పోల్యా సామీ."

పోయాను. పెట్రోలు ట్యాంకు మూత తిప్పి తీశాను. దాని మెడకు పసుపు దారం కంకణంలా చుట్టి ముడి వేశాను. లోపలి రబ్బరు వాషరు మీద చిక్కగా గంధం, గంధం మీద కుంకుమ పెట్టాను. మళ్ళీ మూత బిగించి, సాష్టాంగపడడానికి చోటు లేక నిలబడే దండం పెట్టాను. అట్లా ఒక్క బండికి కాదు, యార్డులో ఉన్న ప్రతి బండికీ చేశాను.

దసరా వెళ్ళిన కొన్నాళ్ళకు మస్తాన్ ఒక పొద్దున స్పానర్లు తుడుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"సుబ్బూ, కువైట్ నుంచి పాత సేటు ఫోన్ చేసినాడు. వీసా పంపిస్తాడంట."

నా చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. "పోతావా ఏంది?"

"పోవల్లని నాకు మాత్రం ఉందా? మా అమ్మ రెండు రోజుల నుంచి అన్నం ముట్టల్యా. అయితే షెడ్డు నడవల్ల గదరా. పూజలకు వస్తాండారు గానీ, పనికి వచ్చేవాళ్ళు యాడ?"

"ఓబులేసు మామ బండ్లు మనకొస్తే?"

"వస్తే యాడికీ పోను. రాకుంటే పోతా. అంతే."

టీ గ్లాసు పక్కన పెట్టేశాను. వాడు పోతే షెడ్డు మూతపడుతుందని కాదు. అది ఎట్లాగూ పడుతుంది. వాడు లేని షెడ్డులో నేను ఎవరితో పోట్లాడాలి? మొదటిసారి వాడు విమానం ఎక్కినప్పుడు నేను ఎన్ని రోజులు దిగులుపడ్డానో వాడికి ఇప్పటికీ చెప్పలేదు. కాబట్టి ఓబులేసు మామ బండ్లు ఎట్లాగైనా తెచ్చుకోవాలి. ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

దేవుడు విన్నట్టున్నాడు. ఆ వారంలోనే ఓబులేసు మామ తన కొత్త తెల్లకారులో మా షెడ్డు ముందు దిగాడు. దిగీ దిగగానే డ్యాష్‌బోర్డు చూపించాడు. అక్కడ ఇంజిను బొమ్మ ఉన్న పసుపు లైటు వెలుగుతోంది.

"ఇది ఆరల్ల" అన్నాడు. "ఎక్కినోళ్ళంతా బండిలో ఏదో పోయిందంటాండారు. ఒకాయన ముద్దనూరులోనే దిగి బస్సెక్కినాడు. దీన్ని ఆర్పి, ఆరినట్టే ఉంచినారనుకో, వచ్చే నెల నుంచి నా బండ్లన్నీ మీ షెడ్డుకే. మళ్ళా వెలిగిందా, మీ దోవ మీది, నా దోవ నాది."

మస్తాన్ స్టీరింగు కింద స్కానరు తగిలించి చూశాడు. "మామా, పెట్రోలు ఆవిరి యాడనో బయటికి పోతాంది. శానా చిన్న లీకు."

"ఆవిరే గదప్పా, పోతే పోనీ. నాకు లైటు ఆరితే చాలు."

"ఆవిరి ఆగితేనే లైటు ఆరేది మామా."

ఇక్కడ నేను రంగంలోకి దిగాను. వివరించడం నా శాఖ కదా. మీకూ చెప్తాను వినండి, ఓబులేసు మామకు చెప్పినట్టే చెప్తాను. ట్యాంకులో పెట్రోలు ఊరికే ఉండదు, ఆవిరవుతూ ఉంటుంది. ఇప్పటి బండ్లు ఆ ఆవిరిని గాల్లోకి వదలవు. గొట్టాల గుండా తీసుకుపోయి బొగ్గు నింపిన ఒక డబ్బాలో దాచిపెడతాయి. ఇంజిను నడిచేటప్పుడు దాన్ని పీల్చి కాల్చుకుంటుంది. ఈ దారిలో ఎక్కడైనా సందు ఉందేమోనని బండి తనకు తానే అప్పుడప్పుడు పరీక్ష చేసుకుంటుంది. సూది దూరేంత సందు దొరికినా లైటు వెలిగిస్తుంది.

"అర్థం కాల్యా" అన్నాడు మామ.

"కుక్కరు మాదిరి మామా. మూతకు రబ్బరు సరిగ్గా ఆనకుంటే ఏమయితాది? పక్క నుంచి ఆవిరి పోతాది, విజిలు రాదు. అట్లనే ఇది."

చూశారా? సరిగ్గా రోగమేమిటో నా నోటితో నేనే చెప్పాను. సరస్వతి నా నాలుక మీద కూర్చుంది. పాపం, చెవుల దాకా మాత్రం రాలేదు.

ఓబులేసు మామ బుర్ర గోక్కున్నాడు. "అయితే మూత చూసినారా?"

"మూతా?" నాకు నవ్వొచ్చింది. "మామా, ఆ మూతకు పూజ చేసింది ఎవరు? నేను. బండి మొత్తం మీద అంత శుద్ధంగా ఉండే భాగం ఇంకోటి లేదు. దేవుడున్న చోట లీకు ఉంటుందా?"

"అదీ నిజమే" అని ఆయన చెంపలు వేసుకున్నాడు.

మస్తాన్ మాత్రం పోయి మూత దగ్గర వంగి చూశాడు. చేయి చాపి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "ఇందులో మీ దేవుని దారం ఉన్నట్టుంది రా. నేను ముట్టకూడదు. నువ్వే ఒకసారి తీసి చూడు."

నేను పోయి, మూతను కళ్ళకద్దుకుని, గట్టిగా ఒక తిప్పు తిప్పాను. కటకటమని శబ్దం వచ్చింది. "బిగుతుగా ఉంది, చూసినావా?" అన్నాను. తీసి చూడలేదు. కంకణం దానంతటదే ఊడాలి గానీ మనం కదిలించకూడదని నా శాస్త్రం. ఆ శాస్త్రం ఏ పుస్తకంలో ఉందని అడక్కండి.

ఇక లీకు ఎక్కడో కనిపెట్టాలంటే పొగ పెట్టాలి. దానికొక మిషను ఉంది. నూనెను వేడిచేసి తెల్లటి పొగ పుట్టించి, మెల్లగా ఆ గొట్టాల్లోకి పంపుతుంది. సందు ఎక్కడుంటే అక్కడ పొగ బయటికి వస్తుంది. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే విద్య. మస్తాన్ కడపలో ఒక స్నేహితుణ్ణి బతిమాలి సాయంత్రానికల్లా తిరిగి ఇస్తానని చెప్పి ఆ మిషను తెచ్చాడు.

మా షెడ్డులోకి ఒక కొత్త మిషను వచ్చింది. దానికి పూజ లేకుండా స్విచ్చి వేయడమా? మస్తాన్ బండి కింద పడుకొని గొట్టాలు తగిలిస్తున్నాడు. నిప్పు చూస్తే వాడు ఊరుకోడని నాకు తెలుసు. అందుకని షెడ్డు వెనక గోడ బయట, కిటికీ కింద మట్టి ధూపం కుండలో నిప్పులు వేసి, నాన్న పంపిన అసలైన సాంబ్రాణి గుప్పెడు చల్లి, నాలుగు అక్షింతలు మిషను మీద వేసి వచ్చాను. గాలి ఏ వైపు వీస్తుందో నేను చూడలేదు.

మస్తాన్ మిషను నడిపాడు. ఇద్దరం టార్చిలైట్లు పట్టుకొని బండి కింద కూర్చున్నాం. కాసేపటికి నా కళ్ళు మెరిశాయి.

"మస్తానూ, పొగ! ఆ బొగ్గు డబ్బా కాడ చూడు!"

"యాడ? ఆ, కనిపిస్తాంది. ఉండు, ఈ గొట్టం కాడ గూడా వస్తాంది."

"ఈడ గూడా!"

"రేయ్, వెనక సీటు కింద నుంచి గూడా వస్తాందేందిరా?"

"మస్తానూ, టైరులో నుంచి వస్తాంది!"

"టైరుకూ పెట్రోలు ఆవిరికీ ఏం సంబంధం రా?" వాడు దగ్గుతూ కళ్ళు తుడుచుకున్నాడు. "సాంబ్రాణి వాసన వస్తాంది గదా?"

"మిషను నూనెకు అట్లాంటి వాసన ఉంటుందేమో" అన్నాను నేను.

మా షెడ్డులో ఈ మాట ఇప్పుడు సామెత. ఎవడైనా తన తప్పును పక్కవాడి మీదికి తోస్తే, మిషను నూనె వాసనా అని అడుగుతారు. ఆ రోజు మాత్రం మస్తాన్ నమ్మాడు. మా షెడ్డులో సాంబ్రాణి వాసన లేని రోజు ఎప్పుడుంది కనుక అనుమానపడడానికి?

కన్నీళ్ళ మధ్య ఇద్దరం ఒక నిర్ణయానికి వచ్చాం. పొగ అన్నిటికంటే దట్టంగా ఉంది బొగ్గు డబ్బా దగ్గర. కాబట్టి డబ్బా పగిలింది. అది వెనక కిటికీకి దగ్గరగా ఉందన్న సంగతి మా ఇద్దరి బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు. మిషను కడపకు వెళ్ళిపోయింది. కొత్త డబ్బా వచ్చింది. మస్తాన్ దాన్ని బిగించి, స్కానరుతో లైటు ఆర్పి బండి అప్పగించాడు.

"లైటు మళ్ళీ వెలిగితే నా పేరు మార్చుకుంటా మామా" అన్నాను నేను, ఎవరూ అడగకుండానే.

రెండు మూడు రోజులు హాయిగా గడిచాయి. మస్తాన్ వాళ్ళమ్మ ఖాసింబీ మళ్ళీ అన్నం తింటోందని తెలిసింది. తరువాత ఫోను మోగింది.

"సామీ, ఓబులేసును. ముద్దనూరు దాటినాం. వచ్చేసినాది."

"ఎవరు మామా?"

"ఎవరేందప్పా, లైటు! నీకు ఏం పేరు పెట్టల్ల, చెప్పు?"

నేను కొత్త పేరు వెతుక్కునేలోపే ఆయనే అన్నాడు. "రేపు ఇద్దరూ పులివెందులకు రాండి. ఆ పొగ ఏందో నా కండ్ల ముందర పెట్టండి. రేపటితో ఆఖరు."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే మస్తాన్ నిలబడి ఉన్నాడు. వాడి చేతిలో ధూపం కుండ ఉంది. చెత్త పారేయడానికి గోడ వెనక్కి పోయి చూశాడట.

"ఇది ఆ రోజు వెలిగించినావా?"

తల ఊపాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! వాడు కుండను మెల్లగా కింద పెట్టి, చేతులు కడుక్కొని, "వీసాకు సరేనని చెప్పేస్తా సుబ్బూ" అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఖాసింబీ అమ్మ షెడ్డుకు వచ్చింది. వాడికి తెచ్చిన టిఫిను డబ్బా నా చేతిలో పెట్టి, "నాయనా సుబ్బూ, నీ దేవునికి ఏదో ఒకటి చెప్పుకో. నేను మా దేవునికి చెప్పుకుంటాండా. పోయినసారి వాడు పోతే వాళ్ళ నాయనకు మట్టి వేసేదానికి గూడా రాలేకపాయె" అంది. నేను ఆమె ముఖం చూడలేక స్టూలు మీద స్పానర్లు సర్దుతూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మరునాడు మళ్ళీ ఆ కడప మిషను తీసుకొని పులివెందుల చేరాం. దారి పొడుగునా మస్తాన్ ఒకటే మాట మాట్లాడాడు. "అగరుబత్తి గూడా వెలిగించొద్దు."

యార్డు మధ్యలో తెల్లకారు. ఓబులేసు మామ చెట్టుకింద కుర్చీ వేసుకొని మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. చుట్టూ డ్రైవర్లు. కొందరు పక్కన బండ్లు కడుగుతున్నారు. ఆరుబయలు, సాంబ్రాణి లేదు, కనీసం బీడీ కూడా లేదు. మస్తాన్ ఇంజిను వైపు గొట్టం తగిలించి మిషను నడిపాడు.

"అందరూ కిందకు వంగి చూడండి" అన్నాడు.

అందరూ వంగారు. నేను వంగలేదు. బండి వెనక పక్కకు వీపు ఆనించి, కళ్ళు మూసుకొని, తెలిసిన దేవుళ్ళందరినీ వరసగా పిలుస్తున్నాను. ఎంతసేపటికీ కింద ఎక్కడా పొగ రాలేదు.

"కొత్త డబ్బా కాడ ల్యా" అంటున్నాడు మస్తాన్. "గొట్టాల కాడ ల్యా. ట్యాంకు మీద ల్యా. మరి యాడికి పోతాంది?"

అప్పుడు ఒక డ్రైవరు పెద్దగా కేక పెట్టాడు.

"సామి కాలిపోతాండాడో!"

కళ్ళు తెరిచి చూసుకుంటే నా రెండు భుజాల మీదుగా, చంకల కింద నుంచి తెల్లటి పొగ లేస్తోంది. ఆ క్షణంలో నాకేమనిపించిందో దాచను. నా భక్తికి మెచ్చి దేవుడు నన్ను బొందితోనే తీసుకుపోతున్నాడనిపించింది. ఆ ఆనందం పూర్తిగా అనుభవించకముందే బండి కడుగుతున్న డ్రైవరు బక్కెట్టెడు సబ్బునీళ్ళు ఎత్తి నా మీద కుమ్మరించాడు. ఇంకొకడు తడిగుడ్డతో నా వీపు మీద ఎడాపెడా బాదాడు.

"ఆగండప్పా, ఆగండి!" మస్తాన్ పరుగెత్తుకొచ్చి నన్ను పక్కకు లాగాడు. నేను ఆనుకొని నిలబడిన చోట పెట్రోలు ట్యాంకు తలుపు ఉంది. దాని అంచుల నుంచి పొగ మెల్లగా, వయ్యారంగా వస్తోంది.

మస్తాన్ మిషను ఆపి తలుపు తెరిచాడు. మూత చుట్టూ పొగ. మూత పక్క నుంచి పసుపు దారం కొస ఒకటి వేలాడుతోంది.

"నువ్వే తీయి" అన్నాడు నాతో.

తీశాను. రబ్బరు మీద నా గంధం ఎండి పెచ్చులు పెచ్చులుగా అతుక్కొని ఉంది. దాని మీద నా కుంకుమ. మెడకు నా కంకణం, నేను వేసిన ముడితో సహా. రబ్బరుకూ ట్యాంకు నోటికీ మధ్య ఆ దారం పడి, మూత సరిగ్గా ఆనకుండా చేసింది. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతకడం విన్నాను. నేను పిల్లకు బొట్టు పెట్టి మరీ వెతికాను.

నా జుట్టు నుంచి సబ్బునీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్న చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

ఓబులేసు మామ కుర్చీలో నుంచి లేచి వచ్చి, ఆ మూతను చేతిలోకి తీసుకొని తిప్పితిప్పి చూశాడు. "బండి నోరు" అన్నాడు. "నోటికి బొట్టు పెట్టల్లంటివే సామీ. ఇదేనా?"

"అదే మామా."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మనవాళ్ళు ఊరికే అనలేదు. కంపెనీవాడు బిగుతుగా చేసి పంపిన మూతను ఈ పూజారి బిగియనివ్వలేదు. అంతా అయిపోయిందనుకున్నాను. మస్తాన్ అప్పుడే విమానంలో కూర్చున్నట్టు కనిపించాడు నా కళ్ళకు.

ఆ సమయంలో నా మీద నీళ్ళు కుమ్మరించిన డ్రైవరు నాగన్న గొంతు సవరించుకున్నాడు. "మామా, కోప్పడవంటే ఒక మాట చెప్తా. మా బండికి గూడా ఆ లైటు వెలిగి శానా రోజులాయె. నువ్వు తిడతావని దాని మీద దేవుని స్టిక్కరు అంటించినా."

మామ కళ్ళు పెద్దవయ్యాయి. మిగతా డ్రైవర్ల వైపు చూశాడు. ఒక్కొక్కరూ తమ చెప్పుల వైపు చూసుకుంటున్నారు. ఆయన పోయి ఒక్కో బండి తలుపు తీసి డ్యాష్‌బోర్డు మీది స్టిక్కరు పీకుతూ తాళం తిప్పించాడు. ఒక బండిలో వినాయకుడి కింద, ఇంకో బండిలో ఆంజనేయుడి కింద, మరో దాంట్లో నిమ్మకాయ బొమ్మ కింద, ఎక్కడ పీకితే అక్కడ పసుపు లైటు. యార్డంతా కార్తీక దీపాలు పెట్టినట్టుంది.

"అంటే నా బండ్లన్నిటికీ ఇదే రోగమా?" అన్నాడు మామ.

"అంగపూజ అన్నిటికీ చేసినాను గదా మామా" అన్నాను, చలికి వణుకుతూ.

మొదట నవ్వింది మస్తాన్. వాడు బండి మీద చేయి పెట్టి ఆపుకోవాలని చూశాడు. ఆగలేదు. నేల మీద చతికిలబడి కడుపు పట్టుకొని నవ్వాడు. వాణ్ణి చూసి డ్రైవర్లు నవ్వారు, డ్రైవర్లను చూసి మామ మీసం అదరడం మొదలైంది. చివరికి ఆయన నవ్విన నవ్వుకు పక్క వీధిలో కుక్కలు మొరిగాయి.

నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకొని, మామ మస్తాన్ వైపు తిరిగాడు. "నువ్వు కువైట్ పోతాండావంట?"

"అనుకుంటాండా మామా."

"యాడికప్పా పోయేది? ఈయన కట్టినవన్నీ ఎవడు బాగుచేయల్ల? మళ్ళా యాడాదికి దసరా రాదా? ఈయన ఈడ, నువ్వు ఆడ ఉంటే నా బండ్ల గతి ఏంది? రిపేరీలు చేసేదానికి ఎవడైనా దొరుకుతాడు. ఈ సామిని కాపలా కాసేదానికి నువ్వే ఉండల్ల. నువ్వుంటానంటే నా బండ్లన్నీ మీ షెడ్డుకే."

మస్తాన్ నేల మీద కూర్చునే నా వైపు చూశాడు. సబ్బు నురగ నా ముక్కు మీద ఇంకా ఉంది.

"ఉంటాలే మామా" అన్నాడు. "వీణ్ణి వదిలి పోతే పాపం తగులుతాది. వీనికి కాదు, బండ్లకు."

ఆ వారమంతా పులివెందుల కార్లు ఒక్కొక్కటే మా షెడ్డుకు వచ్చాయి. నేను కంకణం విప్పేవాణ్ణి, మస్తాన్ రబ్బరు కడిగి మూత బిగించేవాడు. అనవసరంగా మార్చిన ఆ బొగ్గు డబ్బా దుడ్లు మేమే పెట్టుకున్నాం. దాన్ని ఇప్పటికీ షెడ్డులో, నాకు ఎదురుగా కనిపించేటట్టు మేకుకు వేలాడదీశాడు మస్తాన్.

సంగతి జమ్మలమడుగు చేరడానికి ఎంతసేపు? నాన్న ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఇన్నేళ్ళ నుంచి అర్చకత్వం చేస్తున్నా. దేవుడి నోరు తెరిచి లోపల బొట్టు పెట్టాలని నాకే ఎప్పుడూ తోచలేదు రా" అన్నాడు.

ఖాసింబీ అమ్మ మాత్రం నవ్వలేదు. గిన్నె నిండా సేమియా చేసి తెచ్చి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది. నేను విప్పి గూట్లో పెట్టిన పసుపు దారాల్లో ఒకదాన్ని తీసి వేలికి చుట్టుకొని చూసింది.

"ఇది బండి మూతకు కట్టినాననుకుంటాండావు నాయనా నువ్వు" అంది. "మా వాని కాలికి కట్టినావు."

నేను చెంచా గిన్నెలో పెట్టేశాను. మస్తాన్ బండి కింద నుంచి, "తిను రా, అదేమన్నా మిషను నూనె వాసన వస్తాందా?" అని అరిచాడు.

అయ్యా, అమ్మా, అతి భక్తి లీకు లక్షణమని తెలుసుకున్న నేను, మేకుకు వేలాడే ఆ బొగ్గు డబ్బా సాక్షిగా, నా మీద పడిన సబ్బునీళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దసరాకూ ఏ పెట్రోలు బండి నోరూ తెరవను, తెరిచినా బొట్టు పెట్టను, పెట్టినా కంకణం కట్టను. ఆయుధపూజ నాడు మస్తాన్ నా పక్కనే నిలబడి, నా చేయి ఎటు పోతుందో చూస్తూనే ఉంటాడు.

ఈమధ్య పులివెందులలో ఓబులేసు మామ కరెంటు కారు ఒకటి కొన్నాడు. దానికి పెట్రోలు మూత లేదు. మరి అది తిండి తినేది ఎక్కడి నుంచి అని అడిగాను, ఊరికే తెలుసుకుందామని. మస్తాన్ నా చేతిలో నుంచి గంధం గిన్నె లాక్కున్నాడు.